డిక్కీలో లేని మడత పార

ఫిలిప్ తాగడు, పేక ముట్టడు, ఆదివారం ఆరాధన మానడు. ఈ మూడూ చూసి చుట్టాలందరూ రోజారాణిని అదృష్టవంతురాలంటారు. అట్లా అనేవాళ్లను ఒక్కసారి ఆయన వెంట బకెట్ కొనడానికి పంపాలని ఆమెకు ముప్పై ఏళ్లుగా కోరిక. బకెట్ పిడి ఎంత బరువు ఆపుతుంది, అడుగున ఆ గీతలెందుకు, ఎండలో పెడితే ఎన్నాళ్లకు పెళుసవుతుంది, ఇవన్నీ తేలితే గాని ఆయన చెయ్యి జేబులోకి పోదు. తేలేసరికి దుకాణం మూసే వేళవుతుంది. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగమంతా కాలువ గట్లు కొలిచి, రిటైరయ్యాక కొలవడానికి గట్లు లేక ఇంట్లో వస్తువుల మీద పడ్డాడని ఆమె అనుమానం.

ఆ యేడు వానలు మొదలైనప్పుడు ఆయనకు మడత పార కావాల్సి వచ్చింది.

ఫోన్లో బొమ్మ చూపించాడు. మూడు మడతలు పెడితే జానెడు సంచిలో ఒదిగిపోతుంది. విప్పితే మోకాలెత్తు పార. ఒక పక్క రంపం పళ్లు, ఇంకో పక్క చిన్న గునపం ముక్కు. క్యాంపింగ్‌కు, కారు ఆపదలకు అని కింద రాసి ఉంది. ఇంకా కింద మంచులో కూరుకుపోయిన కారు, దాని పక్కన నవ్వుతున్న తెల్లాయన.

"కరీంనగర్‌ల మంచు మన ఫ్రిజ్ పై అరలనే పడుతది," అంది రోజారాణి. "దాన్ని తవ్వుతందుకు నా దగ్గర అట్లకాడ ఉన్నది."

"మంచుకు కాదే."

"ఇగ క్యాంపింగా? సువార్త సభల షామియానా తప్ప మనం గుడారం కింద పండుకున్నదెప్పుడు?"

ఫిలిప్ అప్పటికే ఆ పార కొన్నవాళ్లు కింద రాసినవి తెరిచాడు. ఒక్క స్టారు ఇచ్చినవాళ్ల మాటలు ముందు చదువుతున్నాడు. మెచ్చుకున్నవాళ్లు పెట్టె విప్పగానే రాస్తారని, తిట్టినవాళ్లే వస్తువు వాడి రాస్తారని ఆయన సిద్ధాంతం.

మొదట వచ్చిన పార పిల్లలు ఇసుకలో ఆడుకునేంత ఉంది. బొమ్మలో దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో చిన్నపిల్లదై ఉంటుందని రోజారాణి తేల్చింది. అది వాపసు పోయింది. రెండోది చూడటానికి బాగానే ఉంది గాని పెరట్లో మునగచెట్టు మొదట్లో నాలుగు పోట్లు పొడిచేసరికి మెడ దగ్గర మర వదులై తల ఊపడం మొదలుపెట్టింది. అదీ వాపసు పోయింది. ఇక కళ్లతో చూసి కొనడమే మంచిదని ఫిలిప్ టవర్ సర్కిల్ దగ్గర ఇనుప సామాన్లు అమ్మే రాజం దుకాణానికి బయల్దేరాడు. కూరగాయలకని రోజారాణి వెంట వెళ్లింది. నిజానికి తమాషా చూద్దామని వెళ్లింది.

రాజం ఫోన్లో బొమ్మను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "సార్, గిది పారనా, పాన్‌డబ్బనా? మంచి పార ఇస్త. కట్టె పొడుగైతే సగానికి కోసిస్త. తీస్కపో."

"కోస్తే సుత పనికిరాదు రాజం. బండి బురదల కూసుంటె మట్టి టైరు ముందట పట్టుకోదు, బండి పొట్ట కింద పట్టుకుంటది. పార అడ్డంగ పండుకోని కిందికి పోవాలె. మూతి సన్నగ ఉండాలె. వెడల్పుగుంటే నల్లరేగడి దానికే అతుకుతది, ఇగ మట్టిని తవ్వుడు కాదు, పారను గీకుడు అయితది."

"గింత ఆలోచన జేసి నేను బిడ్డకు సంబంధం సుత చూడలే సార్," అన్నాడు రాజం.

రోజారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నల్లరేగడి అనే మాట ఆమె చెవిన పడింది. కరీంనగర్‌లో వాళ్ల ఇంటి చుట్టూ ఉన్నది ఎర్రమట్టి. ఆ మాట పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఆయన ఏ దారి కోసం ఆ పార వెతుకుతున్నాడో ఆమెకు అప్పుడే తెలిసేది. ఆలోచించలేదు. ఇంటికి పోయి కూతురు మహిమకు ఫోన్ చేసి, రాజం మాట అచ్చం రాజం గొంతుతో చెప్పి నవ్వించింది.

మూడో పార నెల తర్వాత వచ్చింది. దాన్ని మునగచెట్టు దగ్గర రెండు రోజులు పరీక్షించాక ఫిలిప్ తుడిచి, మరలకు నూనె పెట్టి, సంచిలో వేసి, డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాడు. డిక్కీ మూత లోపలి వైపు ఒక కాగితం అతికించాడు. జాకీ, తాడు, టార్చి, నీళ్లు, మడత పార. దూరం పోయే ప్రతిసారీ ఒక్కోటి చేత్తో ముట్టుకుని పెన్సిల్‌తో టిక్కు కొట్టాలి. తిరిగొచ్చాక చెరిపెయ్యాలి.

ఆ దూర ప్రయాణం అక్టోబరు చివర్లో వచ్చింది.

బోథ్ దాటి లోపలికి పోతే ఫిలిప్ వాళ్ల పెద్దవ్వ ఉండే ఊరు. పేరు బుచ్చవ్వ. ఫిలిప్‌కు నాలుగేళ్లప్పుడు తల్లి పోతే, తల్లి అక్క అయిన ఈమే పెంచింది. ఆమెకు పిల్లలు లేరు. ఆ ఊరి చర్చిలో యేటా కోత పండుగ చేస్తారు. ఎవరి చేలో మొదట పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్నకంకులు, పత్తి, కోడిపుంజు, ఏది ఉంటే అది. ప్రార్థనయ్యాక వాటిని చర్చి వాకిట్లో వేలం వేస్తారు. బుచ్చవ్వ యేటా ఇచ్చేది ఒక్కటే, ఆమె కొట్టం మీద పాకిన తీగె నుంచి తొలి గుమ్మడికాయ. దాన్ని పాడుకునేది యేటా ఒక్కడే, ఫిలిప్. ఊళ్లో ఎవరూ ఆయన మీద పోటీ పాడరు. తాను దేవునికిచ్చింది తాను పెంచిన పిల్లవాడి చేతుల్లోకి పోతుండగా చూడటమే ఆ ముసలామె పండుగ.

నిరుడు వాళ్లు ఆ ఊరికి రెండు మైళ్ల ఇవతల బురదలో ఇరుక్కున్నారు. గంటకు పైగా ఆలస్యమైంది. పాస్టరు వేలం ఆపి ఉంచాడు గాని, అంతసేపూ బుచ్చవ్వ కర్ర పట్టుకుని గడపలో నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదట. "వచ్చే యేడు టైంకు వస్త పెద్దవ్వ, ఎట్లయిన వస్త," అని ఫిలిప్ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాడు. రోజారాణి పక్కనే ఉంది. విన్నది. ఆమె మరిచిపోయింది, ఆయన మరవలేదు.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఫిలిప్ డిక్కీ సర్ది, టిక్కులు కొట్టి, స్నానానికి పోయాడు. రోజారాణి గరిజెల డబ్బా తెచ్చింది. బుచ్చవ్వ కోసం నాలుగు రోజులు కూర్చుని చేసిన గరిజెలు, కొబ్బరి కూరిన కజ్జికాయలే, పాత రేకు డబ్బా నిండా. డబ్బాను స్టెప్నీ పక్కన పెడితే ఒరుగుతోంది. ఒరిగితే గరిజెలు నుగ్గవుతాయి. ఒరగడానికి కారణం పార సంచి. దాన్ని తీస్తే డబ్బా పీటేసినట్టు కూర్చుంది.

అంతవరకు అయితే అది సర్దుకోవడమే. కానీ సంచి చేతిలో పట్టుకున్నప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. ఇంత దూరం పోయి వచ్చాక, రేపు రాత్రి భోజనాల దగ్గర మెల్లగా అడగాలి, మీ పార క్షేమమేనా అని. వంటింట్లో బియ్యం డబ్బా వెనక నుంచి తీసి చూపించాలి. అది లేకున్నా కారు పోయింది, వచ్చింది. మహిమకు చెప్పడానికి ఇంకో కథ. సంచిని బియ్యం డబ్బా వెనక్కి తోసి, చేతులు కడుక్కుని, పప్పు తిరగమోత పెట్టింది.

తెల్లవారుజామున బయల్దేరారు. కొండగట్టు మలుపు దగ్గర భక్తుల ఆటోల మధ్య కాసేపు ఆగారు. నిర్మల్‌లో చాయ్ తాగారు. ముసురు పడుతూనే ఉంది. బోథ్ దాటి మట్టి రోడ్డు ఎక్కేసరికి తొమ్మిదిన్నర. ఆరాధన పదకొండుకు. ఫిలిప్ గడియారం చూసుకుని సంబరపడ్డాడు. "చూసినవా, ఈసారి పెద్దవ్వ కంటె ముందు మనమే పోయి కూసుంటం."

ఎదురుగా పశువుల మంద వచ్చింది. దారివ్వడానికి ఆయన కారును పక్కకు దింపాడు. మంద పోయింది. కారు రాలేదు. ముందు చక్రం కొద్దిగా దిగి, ఆయన యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా దిగి, చివరికి బండి కోడి పొదిగినట్టు నేల మీద కూర్చుంది.

ఫిలిప్ ఏమాత్రం బెదరలేదు. ఇంజన్ ఆపాడు. ప్యాంటు మడిచాడు. ఇంతకాలం ఎదురుచూసిన పరీక్ష వచ్చిన విద్యార్థిలా డిక్కీ వైపు నడిచాడు. రోజారాణికి బియ్యం డబ్బా గుర్తొచ్చింది.

డిక్కీ లేచింది. ఆమె దిగి వెనక్కి పోయింది. ఆయన రెండు చేతులతో డబ్బా పక్కకు జరిపి, దుప్పట్లు ఎత్తి, స్టెప్నీ కింద తడుముతున్నాడు. తర్వాత నిలబడి కాగితం వైపు చూశాడు. మడత పార ఎదురుగా పెన్సిల్ టిక్కు, తన చేత్తో కొట్టిందే.

"పెట్టిన్నే," అన్నాడు. "ముట్టుకున్న. టిక్కు కొట్టిన. రోజా, నువ్వేమన్న తీసినవా?"

"నేనెందుకు తీస్త?"

ఆ మాట ఆమె అనాలనుకుని అనలేదు. ఇన్నేళ్ల కాపురంలో కత్తెర, కళ్లద్దాలు, కరెంటు బిల్లు, ఏది కనపడకపోయినా ఆయన అడిగేది అదే, ఆమె నాలుక చెప్పేది ఇదే. ఈసారీ నాలుక దాని పని అది చేసేసింది. వెంటనే సర్దుకోవచ్చు. అయ్యో, ఆగండి, నేనే తీసిన అని ఒక్క మాట. కానీ ఆయన అప్పటికే తల ఊపి, "నువ్వెందుకు తీస్తవ్‌లే," అన్నాడు. ఆ ఊపులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె చెప్పేదేమో.

పాస్టరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది, ఆరాధన రోజు పొద్దున్నుంచే కట్టేస్తాడు. ఆదివారం, పైగా ముసురు, చేలల్లో మనుషులు లేరు. నడుద్దామా అంటే ఆయన మోకాలికి పోయిన యేడే ఆపరేషన్ అయింది. ఫిలిప్ గరిజెల డబ్బా మూత తీశాడు. బురదలో పక్కకు ఒరిగి పడుకుని ఆ రేకు మూతతో బండి పొట్ట కింద తవ్వడం మొదలుపెట్టాడు. మట్టి మూతకు అతుక్కుంటే గీకడం, మళ్లీ తవ్వడం. మూత వంగితే తిరగేసి తొక్కి సాపు చేయడం. "ఇంకో పది నిమిషాలు," అంటాడు. పదకొండయింది. "ఇంకో పది నిమిషాలు." పన్నెండయింది. రోజారాణి చేత్తో మట్టి లాగింది. గొడుగు పట్టింది. ప్రతి పది నిమిషాలకూ చెప్పాలనుకుంది. ప్రతి పది నిమిషాలకూ చెప్పడం ఇంకాస్త కష్టమైంది.

రెండు దాటాక హనుమండ్లు అనే రైతు ట్రాక్టర్ మీద వచ్చాడు. బురద ముద్దయిన ఫిలిప్‌ను, ఆయన చేతిలో మూతను చూసి, "గిదేం పార సార్, కొత్తగున్నది," అన్నాడు. తర్వాత డబ్బాలోకి తొంగిచూసి, "గరిజెలు ఉన్నయా, అయిపోయినయా?" అన్నాడు. తాడు కట్టి రెండు నిమిషాల్లో లాగేశాడు. ఫిలిప్ ఆయనకు దోసిలి నిండా గరిజెలు పెట్టాడు. నవ్వలేదు.

చర్చి వాకిట్లో చాపలు చుట్టేశారు. గుంజలకు కట్టిన జొన్నచొప్ప వానకు తడిసి వాలిపోయింది. నేల మీద కోడి ఈకలు, చిందిన వడ్లు. మెట్టు మీద బుచ్చవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో గుమ్మడికాయ. దాని మీద రెండు చేతులు.

"ఎవలు? ఫిలిప్పా?" చూపు ఆనక అడుగుల చప్పుడు వైపు తిరిగింది.

"నేనే పెద్దవ్వ."

"ఏమన్న ఆపతి అయ్యిందా బిడ్డ? మంచిగున్నరా ఇద్దరు?"

"మంచిగున్నం. బండి దిగవడ్డది. పండుగ…"

"అయిపోయింది." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "పాస్టరయ్య రెండు మాట్ల పిలిచిండు. నా కొడుకు రాలే, జర ఆగుమన్న. ఆగిండ్రు పాపం. పిలగాండ్లు ఆకలికి ఏడుస్తుంటె ఎంతసేపు ఆగుతరు?"

"నువ్వు ఇయ్యకపోయినవా పెద్దవ్వ? నేను లేకుంటె ఏమైతది?"

"ఏమో బిడ్డ. ఇద్దామని లేచిన. నీ గొంతు ఇనవడకుంటె కాళ్లు ముందటికి వడలే." కాయను తడిమింది. "పెండ్లయిన కాడికెల్లి ఒక్క యేడు తప్పలే. తీస్కపోండ్రి. పండుగ అయిపోయినంక గిది ఉత్త కాయ. కూర వండుకోండ్రి."

ఫిలిప్ బురద బట్టలతోనే ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "తప్పు నాదే పెద్దవ్వ. గీ దారి కోసమని పార కొన్న. నాలుగు నెలలు వెతికి కొన్న. ఇంట్ల మర్చిపోయి వచ్చిన. పెట్టిన్నని టిక్కు సుత కొట్టుకున్న."

గీ దారి కోసమని. రోజారాణికి రాజం దుకాణం గుర్తొచ్చింది, నల్లరేగడి అన్న మాట గుర్తొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన తన మొహం గుర్తొచ్చింది.

బుచ్చవ్వ ఆయన తల మీద చెయ్యి పెట్టింది. "మతికి లేకుంటె నువ్వేం జేస్తవ్ బిడ్డ. మీ బాపు సుత గిట్లనే…" అని ఆగిపోయింది. కానీ అప్పటికే ఆ మాట వాకిట్లో పడిపోయింది.

ఫిలిప్ తండ్రి సామ్యూల్ మిషన్ బడిలో పంతులుగా చేశాడు. ఊరందరి పిల్లల పేర్లూ, వాళ్ల తండ్రుల పేర్లూ నోటికి వచ్చినవాడు. మొదట గొడుగు ఎక్కడ పెట్టాడో మరిచాడు. తర్వాత బైబిల్. ఆఖరి రెండేళ్లూ, స్నానం చేయించే కొడుకును ప్రతి పొద్దున "మీరెవరు సార్?" అని మర్యాదగా అడిగేవాడు.

తిరుగు ప్రయాణంలో ఫిలిప్ ఒక్క మాటే అన్నాడు, నిర్మల్ దగ్గర. "బాపుకు మొదలైనప్పుడు అరవై రెండు. నాకు యాభై తొమ్మిది."

ఇంటికి రాగానే కారు తాళం గోడకు తగిలించాడు. దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. గ్యాస్ కట్టేశానా అని ఒకటికి రెండుసార్లు లేచి చూసుకునేవాడు. జేబులో చిన్న నోటుబుక్కు వచ్చింది. పాలవాడి పేరు, మహిమ పుట్టినరోజు, తన ఫోన్ నంబరు కూడా అందులో రాసుకున్నాడు. ఇంతకుముందు ఆయన కొలతలు చూసి నవ్వుకునే రోజారాణికి, ఇప్పుడు ఆయన ఏమీ కొలవకపోవడం భయం పుట్టించింది. ఇంట్లో బకెట్ పగిలితే వెళ్లి మొదట కనపడిన బకెట్ కొనుక్కొచ్చాడు.

చెప్పాలి. కానీ ఎట్లా? బురదలో అబద్ధమాడిన మనిషి, చర్చి మెట్ల మీద నోరు మూసుకున్న మనిషి ఇప్పుడు ఏ మొహంతో చెప్తుంది? చెప్పకుండానే సరిచేసే ఉపాయం ఒకటి ఆమెకు తోచింది. తెలివైన ఉపాయమే అనుకుంది. ఆయన నిద్రపోతున్న మధ్యాహ్నం బియ్యం డబ్బా వెనక నుంచి సంచి తీసి, ఆయన ఫైళ్లుండే బీరువాలో కింది అరలో పెట్టింది. దొరికితే, ఓహో ఇక్కడ ఉందా అనుకుంటాడు. మనసు తేలికవుతుంది.

మూడో రోజు దొరికింది. ఫిలిప్ సంచి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"బీరువల ఉన్నది," అన్నాడు.

"చూసిండ్రా మరి. నేను చెప్పలేదా, ఎక్కడికి పోతదని?"

"నా బీరువ. తాళం నా దగ్గర్నే ఉంటది. నేనే పెట్టిన్నన్నట్టు." సంచిని చేతుల్లో తిప్పుతున్నాడు. "మర్చిపోవుడు ఒక సంగతి రోజా. పెట్టింది సుత మతికి లేకపాయె."

ఆ బీరువా తాళం ఇంకొకటి పోపుల డబ్బాలో ఉంటుందని ఆయనకు తెలియదు. రోజారాణి పొయ్యి మీది కూరలో రెండోసారి ఉప్పు వేసింది. ఆయన ఆ కూర మొత్తం తిన్నాడు.

గుమ్మడికాయ వంటింటి మూలలోనే ఉంది. ఆమె దాన్ని కొయ్యలేకపోయింది.

హైదరాబాద్‌లో నర్సుగా పనిచేసే మహిమ ఫోన్లో తండ్రి మాటలు విని, "డాడీని ఒకసారి చూపియ్యి మమ్మీ, లేటు చెయ్యకు," అంది. కరీంనగర్‌లోనే మతిమరుపు చూసే డాక్టరమ్మ దగ్గర నంబరు రాయించింది. ఆటోలో పోయారు. ఫిలిప్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో ఒక కాగితం మడిచి పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుదే, తొందరలేని మనిషి. తేదీ అడిగింది, నెలలు వెనకనుంచి చెప్పమంది. ఆయన అన్నీ చెప్పాడు. ఆమె రాసుకుంటూ, "మొదట ఎప్పుడు అనుమానం వచ్చింది సార్?" అంది.

ఫిలిప్ కాగితం తీసి విప్పాడు. పాత ఇన్‌స్పెక్టర్ రాత, వరుస నంబర్లతో.

"ఒకటి. మడత పార డిక్కీల పెట్టకుండనే పెట్టినట్టు టిక్కు కొట్టిన. రెండు. గదే పార బీరువల నేనే పెట్టి మర్చిపోయిన." భార్య వైపు చూడకుండా చదివాడు. "మూడు. మా ఆమె మీద అనుమానపడ్డ. నువ్వు తీసినవా అని మొహం మీదనే అడిగిన. గది ఎందుకు రాసిన్నంటె మేడం, మా బాపు సుత గట్లనే మొదలువెట్టిండు. ఇంట్లోళ్లే దాస్తున్నరని అనేటోడు. గాళ్లకేం పని దాస్తందుకు? నాకు గిది అన్నిటికంటె ఎక్కువ భయమైతుంది."

డాక్టరమ్మ తల ఊపి ఆ మూడోది రాసుకోబోయింది.

"రాయకుండ్రి," అంది రోజారాణి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడింది, ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు.

"గా మూడు ఆయనవి కావు మేడం, నావి. పార డిక్కీలకెల్లి తీసింది నేను. గరిజెల డబ్బ పడుతలేదని తీసిన, ఆట పట్టిద్దామని దాసిన. ఆయన అడిగితే తీయలేదన్న. తర్వాత ఆయన బీరువల పెట్టింది నేనే." ఈసారి ఫిలిప్ వైపు చూసి చెప్పింది. "మీరు పెట్టిండ్రు. ముట్టుకున్నరు, టిక్కు కొట్టిండ్రు. మీకు అన్నీ మతికున్నయి. మెట్ల మీద పెద్దవ్వతోని తప్పు నాది అన్నరు గదా, గది సుత మీది కాదు. గప్పుడే చెప్పాలె, చెప్పలే. తప్పు నేను చేసిన. పెద్దవ్వకు నేనే పోయి చెప్త."